గడ్డి కరువైతే గడ్డ

ఏప్రిల్ నెల, పొద్దున తొమ్మిదిన్నర. అనంతపురంలో ఎండ అప్పటికే ముదిరింది. పశువుల ఆసుపత్రి ముందున్న వేపచెట్టు నీడ ఎంతమేర పడుతోందో అంతమేరా గొర్రెలు, మేకలు, వాటిని తోలుకొచ్చిన మనుషులు. రాష్ట్రంలో గొర్రెలు ఎక్కువగా ఉన్న సీమ ఇది, కాబట్టి ఈ గుంపును ఎవరూ వింతగా చూడరు. అందరి చూపూ ఇప్పుడే ఆటో దిగిన టమోటా క్రేటు మీద పడింది. దాని మీద పాత తువ్వాలు కప్పి ఉంది. పక్కనే ఎనిమిదేళ్ల పిల్లోడు, ఒక చెయ్యి తువ్వాలు కిందికి పోనిచ్చి లోపల దేన్నో నిమురుతున్నాడు.

తువ్వాలు తీస్తే తెల్ల కుందేలు.

"కుందేలుకు గుడక డాక్టరా!" అని నవ్వాడు కంబళి భుజాన వేసుకున్న పెద్దాయన. ఆయనది రాయదుర్గం వైపు, కురుబ. రెండు పొట్టేళ్లతో వచ్చాడు.

లోపల సిమెంటు బల్ల మీద కుందేలును పెట్టారు. జారకుండా కింద గోనెసంచి పరిచారు. డాక్టరమ్మ వెంటనే నోరు తెరవలేదు. ముందు దాని ముందుకాళ్లు తిప్పి చూసింది. కాళ్ల లోపలివైపు బొచ్చు ఉండలు కట్టి, పసుపు రంగుకు తిరిగి ఉంది. కుందేలు నోరు తుడుచుకునేది ఆ కాళ్లతోనే. చొంగ కారుతోందంటే నోటికంటే ముందు కాళ్లు చెప్తాయి. గడ్డం తడిగా ఉంది. ఎడమ కన్ను మూలలో పాలలాంటి తెల్లటి నీరు.

"ఎన్నాళ్ల నుంచమ్మా?"

"వారమాయ మేడం. తినేకి పోతాది, నోట్లో పెట్టుకుంటాది, మల్ల కింద వదిలేస్తాది. నిన్న దవడ కింద ఇది చేతికి తగిలింది."

డాక్టరమ్మ చూపుడువేలు కింది దవడ అంచు వెంట మెల్లగా పోతోంది. ఆరోగ్యంగా ఉన్న కుందేలుకు అక్కడ ఎముక నున్నగా ఉండాలి. ఇక్కడ వేలు ఒకచోట ఆగింది, కొంచెం జరిగి మళ్లీ ఆగింది. చిన్న చిన్న బుడిపెలు. ఆ వెనకాలే రెండు వేళ్ల నడుమ పట్టేంత గడ్డ. నొక్కితే లొంగడం లేదు, చర్మంతో పాటు కదలడం లేదు, ఎముకను అంటిపెట్టుకుని ఉంది.

తలుపు దగ్గర నిలబడి చూస్తున్న పెద్దాయన ఊరుకోలేకపోయాడు. "డాక్టరమ్మా, మా గొర్రెలకు గుడక ఇట్లే వస్తాది. బ్లేడుతో గాటు పెట్టి, చీము పిండేసి, పసుపు అద్దితే పాయ."

"మీ గొర్రె గడ్డ వేరు, ఈ గడ్డ వేరు తాతా" అందామె, వేలు తీయకుండానే.

ఆ మాటను కొంచెం విప్పి చెప్పుకోవాలి. గొర్రె దవడ కింద, భుజం ముందర వచ్చే ఆ గడ్డలకు తరచుగా కారణం కొరినెబాక్టీరియం సూడోట్యుబర్క్యులోసిస్ అనే బాక్టీరియా. బొచ్చు కత్తిరించేటప్పుడు పడిన గాటులోంచో, కంపముల్లు గీరిన చోట నుంచో లోపలికి పోయి దగ్గరి గ్రంథిలో కాపురం పెడుతుంది. లోపల చీము పొరలు పొరలుగా పేరుకుంటుంది. అది మందలో ఒకదాని నుంచి ఒకదానికి అంటుకునే జబ్బు. పారిన చీములోని క్రిములు నేలలో నెలల తరబడి బతుకుతాయి. కాబట్టి పెద్దాయన చెప్పిన బ్లేడు వైద్యం ఆ గొర్రెకు ఉపశమనం ఇవ్వొచ్చు గానీ, దొడ్డి మధ్యలో పిండితే మందంతటికీ పంచినట్టే. కుందేలు సంగతి దీనికి పూర్తిగా వేరు. దీని గడ్డ పక్క కుందేలు నుంచి అంటుకున్నది కాదు, ముల్లు గుచ్చుకుని వచ్చిందీ కాదు. దాని పంటి కింద పుట్టింది.

ఇప్పుడు నోరు. కుందేలు నోరు చాలా ఇరుకు, తెరిచినా వేలు పట్టదు. డాక్టరమ్మ చెవులు చూసే ఆటోస్కోపు తీసింది. పిల్లోడి తల్లి కుందేలును తువ్వాలులో చుట్టి గుండెకు ఆనించుకుంది. గొట్టం మొన పెదవి పక్క సందులోంచి లోపలికి పోయింది. చిన్న వెలుగు, తడి నాలుక, అటూ ఇటూ పళ్ల వరసలు.

ముందు పళ్లను అందరూ చూస్తారు. పైన రెండు పెద్దవి, వాటి వెనకాల దాక్కున్న రెండు చిన్నవి, కింద రెండు. ఆ వెనక దాగిన జత ఉండబట్టే కుందేలు ఎలుక జాతిలో చేరదు. ఎవరూ చూడనివి దవడపళ్లు, మొత్తం 22. అన్నీ కలిపితే 28. ఈ 28 పళ్లకూ మన పళ్లలాగా ఎదుగుదల ఆగే వయసంటూ ఉండదు. చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లయితే వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు. పెరిగినంతా అరగాలి. అరగదీసేది గడ్డి. గడ్డిపోచ పొడవుగా, గరుకుగా ఉంటుంది కాబట్టి కుందేలు దాన్ని దవడ పక్కకు తిప్పి తిప్పి నూరుతుంది, నిమిషానికి నూరుసార్లకు పైగా. గింజలకు, ఉండలకు ఆ పని లేదు. పైనుంచి ఒక్క నొక్కు నొక్కితే పొడైపోతాయి. పన్ను మీద పన్ను పక్కకు రాసుకోదు.

"కింద ఎడమవైపు నాలుగో పన్ను కదుల్తోంది" అంది డాక్టరమ్మ. "మూడోదానికి మొన తేలింది, నాలుకకు గీసుకుంటోంది. ఎక్స్‌రే తీయించుకుని రండి."

ఎక్స్‌రే వచ్చేసరికి పదకొండు దాటింది. ఫిల్మును కిటికీకి ఆనించి పట్టుకున్నారు. వెనక ఎండే దీపం. పక్కవాటంగా తీసిన తల. కింది దవడ అంచు ఒక సాఫీ గీతలా ఉండాల్సింది, ఇక్కడ అలలు అలలుగా ఉంది. పైకి జాగా చాలని పళ్లు కిందికి పెరిగి, వేర్లు ఎముకను లోపలినుంచి నెట్టేశాయి. చేతికి తగిలిన బుడిపెలు అవే. నాలుగో పంటి వేరు చుట్టూ ఎముక కరిగి నల్లటి మచ్చ. పై దవడలో ముందు పంటి వేరు కూడా వెనక్కి పెరిగి కన్నీటి గొట్టాన్ని నొక్కుతోంది. కంట్లో తెల్లనీరు ఎందుకో అర్థమైంది.

జరిగింది ఇదీ. అరగని పన్ను పొడవైంది. ఎదుటి పన్ను అడ్డం వచ్చి దాన్ని వెనక్కి నెట్టింది. వంకర తిరిగింది. పంటికీ పంటికీ మధ్య సందు పడింది. ఆ సందులో మేత తునకలు, బొచ్చు ఇరుక్కున్నాయి. వాటితో పాటు ఎప్పుడూ నోట్లోనే ఉండే బాక్టీరియా చిగురు వెంట కిందికి దిగి, గాలి చొరని వేరు దగ్గరకు చేరింది. దానికి కావాల్సింది సరిగ్గా అలాంటి చోటే.

"ఇంటి దగ్గర ఏమన్నా మందు పోశారా?"

తల్లి కొంగులోంచి చిన్న సీసా తీసింది. పిల్లలకు జలుబు చేస్తే వాడే అమాక్సిసిలిన్ సిరప్పు. పిల్లోడికి పోయినసారి మిగిలింది. "ఒక్కపూట పోసినాం మేడం. చీముకు ఇదే కదా అని."

డాక్టరమ్మ మొహం మారింది. "ఇంక పోయొద్దమ్మా, ఒక్క చుక్క కూడా."

ఇంతవరకూ గడ్డ కన్నా పెద్ద గండం ఆ సీసాయే. కుందేలు గడ్డిని అరిగించుకునేది తన పొట్టతో ఒక్కటే కాదు, చిన్నపేగు చివర సంచిలో బతికే కోటానుకోట్ల మంచి బాక్టీరియాతో. పెన్సిలిన్ జాతి మందును నోటి ద్వారా ఇస్తే ఆ మంచివి చస్తాయి, ఖాళీ అయిన చోట క్లాస్ట్రిడియం జాతివి పేట్రేగి విషం ఊరుస్తాయి. విరేచనాలు మొదలై రెండు మూడు రోజుల్లో ప్రాణం పోవచ్చు. అదే పెన్సిలిన్‌ను చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇస్తే పేగును దాదాపు తాకదు, గడ్డ మీద పనిచేస్తుంది. మందు ఒకటే, ఎటునుంచి పోయిందన్నదే చావుబతుకుల లెక్క.

మధ్యాహ్నం ఆపరేషను. మత్తుకు ముందు కుందేలును పస్తు పెట్టరు, అది వాంతి చేసుకోలేని జంతువు, పైగా పొట్ట ఖాళీ అయితే పేగు కదలడం ఆగిపోతుంది. కెటమిన్, జైలజిన్ కలిపిన సూది. కాసేపటికి చెవులు వాలిపోయాయి. దవడ కింద బొచ్చు గొరిగారు. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి వేడిగానే ఉంది.

కత్తి పడింది. చీము కారలేదు.

ఈ దృశ్యం ఒకసారి చూస్తే మరిచిపోరు. మనకు గడ్డ పగిలితే చీము పారుతుంది. కుందేలు చీము జున్నులా గడ్డకట్టి ఉంటుంది, చెంచాతో తోడాలి తప్ప పిండితే రాదు. చుట్టూ దళసరి తిత్తి. ఎముక గుంటల్లోకి, పంటి వేరు చుట్టూకి దాని వేళ్లు పాకి ఉంటాయి. పెద్దాయన చెప్పినట్టు గాటు పెట్టి వదిలేస్తే తిత్తి మళ్లీ నిండుతుంది. గొట్టం పెట్టి చీము దింపే పద్ధతి కూడా దీని దగ్గర పారదు.

డాక్టరమ్మ చీము మధ్యలోంచి నమూనా తీయలేదు. తిత్తి గోడను గీరి ఆ ముక్కను తీసింది. మధ్యలోది చచ్చిన సరుకు, పెంచి చూస్తే చాలాసార్లు ఏమీ మొలవదు. బతికున్న బాక్టీరియా గోడలో ఉంటుంది. అదీ గాలి తగలకుండా పట్టుకెళ్లాలి. ఈ చిన్న జాగ్రత్త లేకనే దశాబ్దాల పాటు ఈ జబ్బు నేరం వేరొకరి మీద పడింది.

ఆ వేరొకరి పేరు పాశ్చురెల్లా మల్టోసిడా. కుందేళ్లకు ముక్కుకారే జబ్బు తెచ్చేది అదే. కాబట్టి ఏ గడ్డ కనబడినా దాని పనే అనుకునేవారు. ఈ పేరు లూయీ పాశ్చర్ నుంచి వచ్చింది. 1880 ప్రాంతంలో ఆయన కోళ్ల కలరా మీద పరిశోధన చేసింది ఈ క్రిమితోనే. కథ అక్కడితో ఆగలేదు. ఆస్ట్రేలియాలో కుందేళ్లు పంటలను, పచ్చికను మేసేస్తుంటే న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం 1887లో వాటిని మట్టుపెట్టే ఉపాయానికి 25,000 పౌన్ల బహుమతి ప్రకటించింది. పాశ్చర్ ఇదే క్రిమిని వదిలి వాటిని చంపుతానని తన భార్య సోదరి కొడుకు ఆడ్రియెన్ లోయిర్‌ను 1888లో సిడ్నీకి పంపాడు. అక్కడి రాడ్ దీవిలో ప్రయోగాలు జరిగాయి. కమిషన్ ఒప్పుకోలేదు, బహుమతి ఇవ్వలేదు. అంత పేరున్న క్రిమి కళ్లముందుంటే దవడ గడ్డకు ఇంకో నేరస్తుణ్ని వెతకాలని ఎవరికి తోస్తుంది?

కాలిఫోర్నియాలో టిరెల్, సిట్రన్, జెంకిన్స్, గోల్డ్‌స్టీన్ అనే నలుగురు వెతికారు. పంటిజబ్బుతో దవడ గడ్డలు లేచిన 12 కుందేళ్ల నుంచి నమూనాలు తీసి, ఆక్సిజన్ తగలని పద్ధతిలో పెంచి చూశారు. ఫలితాలు 2002లో అచ్చయ్యాయి. అందులో పాశ్చురెల్లా జాడే లేదు. బయటపడింది వేరే ముఠా: ఫ్యూజోబాక్టీరియం న్యూక్లియేటమ్, ప్రివొటెల్లా జాతివి, పెప్టోస్ట్రెప్టోకాకస్, ఆక్టినోమైసిస్, వాటితో పాటు స్ట్రెప్టోకాకస్ మిలెరి గుంపు. ఎక్కువ భాగం గాలి గిట్టనివి. మనిషి చిగుళ్ల వాపు జబ్బులో దొరికేవి కూడా దాదాపు ఇవే. మీ నోట్లో, నా నోట్లో కూడా వీటి చుట్టాలు కాపురం ఉన్నాయి. నోరు బాగున్నంతకాలం ఒదిగి ఉంటాయి. నిజానికి ఫ్యూజోబాక్టీరియం బంధువొకటి కుందేళ్ల మూతి, దవడ కుళ్లబెట్టడాన్ని ష్మోర్ల్ అనే జర్మన్ వైద్యుడు 1891లోనే రాసిపెట్టాడు. ఆ ఆధారాన్ని పట్టుకుని దవడ గడ్డల దాకా రావడానికి వందేళ్లు పట్టింది.

ఆ 2002 పట్టికలో మందుల వరస చూస్తే డాక్టరమ్మ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఎందుకు ఎంచుకుందో తెలుస్తుంది. పెన్సిలిన్‌కు 96 శాతం లొంగాయి. మెట్రోనిడజోల్‌కు 54 శాతం, సిప్రోఫ్లాక్సాసిన్‌కు 50 శాతం. మన దగ్గర పశువులకు తేలిగ్గా రాసే ట్రైమెథోప్రిమ్ సల్ఫాకు 7 శాతం. క్లిండమైసిన్‌కు నూటికి నూరూ లొంగాయి, కానీ దాన్ని నోట్లో పోస్తే అమాక్సిసిలిన్ కంటే ఘోరంగా కుందేలే ముందు పోతుంది.

బల్ల మీద పని సాగుతోంది. కదులుతున్న పంటిని సన్నని పనిముట్టుతో చుట్టూ వదులు చేసి, గడ్డ వైపు నుంచే బయటికి లాగింది. పొడుగ్గా, వంగి ఉంది. వేరు కొస గోధుమరంగు, వాసన ముక్కు పగిలేలా. గాలి గిట్టని బాక్టీరియా ఉన్న చోటికి గుర్తు ఆ వాసనే. తిత్తిని తుంపులు తుంపులుగా తీసింది. మెత్తబడిన ఎముకను గట్టి ఎముక తగిలేదాకా గీకింది. చివర్లో గాయాన్ని మూసి కుట్టలేదు. అంచులను చర్మానికి కుట్టి నోరు తెరిచినట్టు వదిలింది. రోజూ సెలైన్‌తో కడగాలి, లోపలినుంచి పైకి పూడుతూ రావాలి. పైన ముందు మూసుకుపోతే లోపల మళ్లీ అదే కథ.

సాయంత్రం నాలుగింటికి కుందేలు కళ్లు తెరిచింది. పిల్లోడు దాని ముందు బొరుగులు పోశాడు.

"రోజూ ఏం పెడతార్రా దీనికి?"

"బొరుగులు, బిస్కెట్లు, క్యారెట్టు. బెంగుళూరు నుంచి తెచ్చిన ఉండలు గుడక."

"గడ్డి?"

తల్లి నవ్వింది. అది నవ్వు కాదు లెండి. "గడ్డి యాడుంది మేడం? మాకు ఆవులకే ల్యాదు."

ఈ ఒక్క ముక్క దగ్గర మనం ఆగాలి. నా లెక్కలో ఈ జబ్బుకు అసలు కారణం ఆ తిత్తిలో దొరికింది కాదు, ఈ జవాబులో ఉంది. ఇక్కడ ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన, అదీ కురిస్తే కురిసినట్టు. ఎర్రనేలలో వానాకాలం బుడ్డలు, అంటే వేరుశనగ, వేస్తారు, పీకాక కట్టెను వామి వేసుకుంటారు. పశువుకు ఎండాకాలమంతా అదే దిక్కు. గట్ల మీద గరిక సంక్రాంతికే మాడిపోతుంది. అలాంటి ఊరికి జాతీయ రహదారి మీద బెంగుళూరు నుంచి తెల్ల కుందేళ్లు వస్తున్నాయి, పిల్లల ముచ్చటకు కొన్ని, కూర కోసం పెంచేవి కొన్ని. కుందేలు వచ్చింది, దాని గడ్డి రాలేదు.

మేత ప్రభావం మీద ఎడిన్‌బరోలో చేసిన ఒక ప్రయోగం 2015లో వెలువడింది. 32 కుందేళ్లను నాలుగు గుంపులు చేసి 17 నెలలు నాలుగు రకాలుగా మేపారు. గింజలు కలిపిన రెడీమేడ్ మేత ఒక్కటే తిన్న గుంపులో దవడపళ్లు పొడవెక్కి వంకర పోయాయి, కొన్నింటికి పంటిజబ్బే వచ్చింది. ఎండుగడ్డి మాత్రమే తిన్నవి నిక్షేపంగా ఉన్నాయి. బ్రిటన్‌లో కుందేళ్ల వైద్యంలో పేరున్న ఫ్రాన్సెస్ హార్కోర్ట్-బ్రౌన్ ఇంకో మాట అంటారు. అరగకపోవడం ఒక్కటే కారణం కాదని, కాల్షియం, విటమిన్ డి చాలక దవడ ఎముక మెత్తబడి పంటిని పట్టుకోలేకపోతుందని. చీకటి గదిలో పెట్టి బొరుగులు మేపే ఇంటికి రెండు వాదనలూ వర్తిస్తాయి. పొట్టి మూతి జాతుల్లో పుట్టుకతోనే పళ్లు కుదరనివి ఉంటాయి, వాటి సంగతి వేరు.

పెద్దాయన ఇంకా పోలేదు. పొట్టేళ్లకు సూదులు పడ్డాయి, బస్సుకు టైముంది. "మా చేన్లల్లో చెవులపిల్లులు ఉంటాయి డాక్టరమ్మా. వాటికి ఇట్ల గడ్డ లేసింది నేను సూల్యా."

చెవులపిల్లి ఈ నేల సొంత జీవి, తెల్ల కుందేలుకు దూరపు దాయాది. వన్యప్రాణి రక్షణ చట్టం కింద దాన్ని పట్టడం, చంపడం నేరం. అది గరిక, ముదురు ఆకు, బెరడు, దొరికితే బుడ్డల చెట్టు కొరుకుతుంది. రోజంతా పళ్లకు పనే. ఒకవేళ ఒకదానికి పన్ను చెడినా, తినలేక నీరసించిన దాన్ని నక్క మనకంటే ముందే చూస్తుంది. పెద్దాయనకు కనబడకపోవడంలో ఆశ్చర్యం లేదు.

"బుడ్డల కట్టె పెట్టొచ్చా మేడం? అదైతే ఉండాది."

"కొంచెం పెట్టు, అదే కడుపు నింపొద్దు" అంది డాక్టరమ్మ. అది కాయజాతి మేత, సున్నం ఎక్కువ, గడ్డి అంత గరుకు కాదు. అన్నిటికంటే బూజు చూడాలి. వానకు తడిసిన కట్టెలో, కాయలో పుట్టే అఫ్లాటాక్సిన్ కుందేలు కాలేయానికి పచ్చి విషం. "మీ పక్క ఎవరన్నా కొర్ర వేసినారా? ఆ గడ్డి తెచ్చుకో. కణేకల్లు దిక్కు కాలువ కింద వరిగడ్డి దొరుకుతాది. వాన పడినాక గట్టు మీద గరిక కోసి నీడలో ఎండబెట్టుకో. ఒక్క కుందేలుకు ఎంత కావాలమ్మా, దినానికి దాని ఒళ్లంత గడ్డి ముందర ఉంటే చాలు."

ఇంటికి పోయేటప్పుడు చేతికి సూది లేని సిరంజి ఇచ్చింది. తనంతట తాను తినేదాకా మెత్తగా నూరిన మేతను నీళ్లలో కలిపి, పెదవి పక్కనుంచి కొంచెం కొంచెంగా పట్టించాలి. రోజూ గాయం కడిగించేందుకు, ఇంజెక్షనుకు రావాలి. వారాల పని. "బతుకుతాది గదా మేడం?" అంటే ఆమె అవునని చెప్పలేదు. "ఈ గడ్డ తగ్గొచ్చు. ఎముకలో కొంచెం మిగిలినా మళ్లీ లేస్తాది. పక్క పళ్లు గుడక వంకరే ఉన్నాయి, రెండు నెలలకోసారి చూపించుకుంటా ఉండాల."

పిల్లోడు క్రేటులోంచి బొరుగులు ఏరేస్తున్నాడు.

ఇంట్లో కుందేలు ఉన్నవాళ్లు వారానికోసారి దాని కింది దవడ అంచు వెంట వేలు పోనిచ్చి చూడండి. గడ్డం తడిసినా, ముందుకాళ్ల బొచ్చు ఉండకట్టినా, మేత నోట్లోంచి జారిపడుతున్నా గడ్డ లేచేదాకా ఆగొద్దు. మిగిలిపోయిన పిల్లల సిరప్పు ఏదీ దాని నోట్లో పోయొద్దు. కుందేలును కొనే ముందు ఏడాది పొడవునా గడ్డి ఎక్కడి నుంచి వస్తుందో చూసుకోండి. దొరికే దారి లేకపోతే కొనొద్దు.